కలివి కోడిని లోకానికి చూపిన డాక్టరు

మన ఊళ్ళలో శుభలేఖలు స్క్రీన్ ప్రింటింగ్‌లో అచ్చు వేయించిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఒక్కో రంగుకి ఒక్కో తెర; ప్రతి కార్డుకీ చేత్తో సిరా లాగాల్సిందే. అంతకు నూట నలభై ఏళ్ళ ముందే మన పక్షుల బొమ్మల్ని రాతి మీద నుంచి అచ్చుతీసి, చేత్తో రంగులద్దిన పుస్తకం ఒకటి మద్రాసు నుంచి వెలువడింది. దాన్ని తెచ్చినవారు థామస్ కావెర్‌హిల్ జెర్డన్. మన నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన ఇంగ్లండు దేశస్థుడు.

జెర్డన్ 1811లో డర్హమ్ ప్రాంతంలో పుట్టారు. ఎడిన్‌బరోలో చదువుకుని, 1835లో ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరి, మరుసటి సంవత్సరం మద్రాసులో దిగారు. మొదట గంజాం జిల్లాలో సిపాయిల జబ్బులకు వైద్యం చేశారు. వృత్తి వైద్యమైనా మనసంతా పిట్టల మీదే! 1841లో ఊటీలో ఫ్లోరా మెక్లియడ్‌ని పెళ్ళాడారు. ఆవిడకు మొక్కలన్నా, చిత్రలేఖనమన్నా మక్కువ.

నెల్లూరుకు వచ్చాక ఆయనకు అసలైన గురువులు దొరికారు. వాళ్ళే యానాదులు. అడవినీ, ఏటినీ నమ్ముకుని బతికే వారికి తెలిసిన జంతువుల సంగతులు ఏ కాలేజీలోనూ చెప్పేవి కావు. ఆయన వారిని అడిగి ఎన్నో విషయాలు తెలుసుకున్నారు.

1843–47 మధ్య ఆయన భారతీయ పక్షుల చిత్రాలను 50 పలకలతో భాగాలు భాగాలుగా ప్రచురించారు. బొమ్మలు వేసినవారిలో మనదేశపు చిత్రకారులున్నారు. ఈ లిథోగ్రఫీ పద్ధతి సులువైనదేమీ కాదు. నున్నటి సున్నపురాయి మీద జిడ్డు పెన్సిలుతో బొమ్మ గీస్తారు. రాయిని నీటితో తడిపి సిరా రాస్తే, అది గీతలకే అంటుకుంటుంది. దానిపై కాగితం పెట్టి నొక్కితే బొమ్మ దిగుతుంది. అయితే దిగేది గీతలూ నీడలే. రంగులు ప్రతి కాగితం మీదా విడిగా కుంచెతో వేయాలి. వంద ప్రతులు కావాలంటే అయిదు వేల బొమ్మలకు రంగులద్దాలన్నమాట!

తర్వాత 1862–64లో భారతదేశ పక్షుల మీద ఆయన రాసిన పెద్ద గ్రంథం వెలువడింది. వెయ్యికి పైగా పక్షుల వివరాలున్న ఆ గ్రంథంలో చాలా పక్షులకు తెలుగు పేర్లు కూడా ఇచ్చారు. మన పల్లెల్లో నోటిమాటగా ఉన్న పేర్లు అలా అచ్చుకెక్కాయి. 1867లో క్షీరదాల మీద మరో గ్రంథం తెచ్చారు. 1872లో లండన్‌లో కన్నుమూశారు.

ఆయన పేరు తెలుగునేలతో ముడిపడి నిలిచింది మాత్రం ఒక చిన్న పిట్ట వల్ల. నెల్లూరు, కడప సీమల కొండ ప్రాంతంలో ఆయనకు దొరికిన పక్షిని 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ శాస్త్రీయంగా వర్ణించారు. కలివి పొదల్లో తిరుగుతుంది కనుక మనవాళ్ళు కలివి కోడి అంటారు. 1900లో అనంతపురం ప్రాంతంలో కనిపించాక మళ్ళీ జాడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986లో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర అది మళ్ళీ దొరికింది. దాన్ని పట్టిచ్చింది స్థానికుడైన ఒక వేటగాడే! రాత్రిపూట తిరిగే ఆ పిట్టను పట్టణాల శాస్త్రజ్ఞులు ఎనభై ఆరేళ్ళపాటు చూడలేకపోయారు. దాని కోసమే లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తెలుగుగంగ కాలువ దారిని కూడా మార్చారు. అయినా అది ఇప్పటికీ అంతరించే ప్రమాదం అంచునే ఉంది.

జెర్డన్ పేరు ఎన్నో పక్షులకు స్థిరపడింది. ఆయనకు దారి చూపిన యానాదుల పేర్లు గానీ, బొమ్మలు గీసిన చిత్రకారుల పేర్లు గానీ మనలో ఎందరికి తెలుసు? ఇక్కడ సన్నీబ్యాంక్‌లో పెరిగే మన పిల్లలు పెరట్లోకొచ్చే బుష్ టర్కీనీ, లోరికీట్‌నీ ఇట్టే గుర్తుపడతారు. కలివి కోడి పేరు కూడా వాళ్ళకు చెబుదాం. ఈసారి సెలవులకు కడప వైపు వెళితే, ఆ పిట్ట గురించి అక్కడి పశువుల కాపరులను అడగమందాం. జెర్డన్ నేర్చుకున్నదీ అలాగే కదా!