వంటిల్లు వదలనన్న ఇల్లాలు... వెండిబండి కట్టిన మగడు

సెలవు దొరికితే చాలు, అడవిలో డేరా వేసుకుని పడుకుందామంటాడు భర్త. కటికనేల మీద పడుకోవడం తనవల్ల కాదని, వంటిల్లు లేని చోటికి అసలే రానని భీష్మించుకుంటుంది భార్య. ఏ ఇంట్లోనైనా ఇలాంటి తగువు ఎవరో ఒకరు మూతి ముడుచుకోవడంతో ముగిసిపోతుంది. 1920ల్లో అమెరికాలోని లాస్ ఏంజిలిస్‌లో వాలీ బయమ్, మారియన్ దంపతుల మధ్య వచ్చిన తగువు మాత్రం అలా ముగియలేదు. కారుకో, ట్రక్కుకో తగిలించి లాక్కెళ్లే ఎయిర్‌స్ట్రీమ్ అనే వెండిరంగు ఇల్లు దాంట్లోంచే పుట్టింది!

వాలీకి బండిలో కాపురం కొత్తకాదు. 1896 జూలై 4న ఆరిగన్ రాష్ట్రంలోని బేకర్ సిటీలో పుట్టిన అతను చిన్నతనంలోనే తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్నాడు. గొర్రెలు కాస్తూ రెండు చక్రాల బండిలో రోజుల తరబడి గడిపాడు. దాంట్లో ఓ కిరసనాయిలు స్టవ్వు, నీళ్లు, తిండి సామాన్లు, పడక... అంతే. తర్వాత ఓడల్లో పనిచేశాడు. కష్టపడి స్టాన్‌ఫర్డ్‌లో చదువుకుని, పత్రికలు నడిపే వ్యాపారంలోకి దిగాడు.

మారియన్ మాటకి తలవంచి, మొదట ఫోర్డ్ మోడల్ టి కారు చట్రం మీద డేరా బిగించాడు. వాన వస్తే అదీ తడిసేది! చివరికి చెక్కతో చిన్న గదే కట్టేశాడు. అప్పట్లో ట్రైలర్లలో నడుం వంచుకునే తిరగాల్సి వచ్చేది. వాలీ నేలని చక్రాల మధ్యకి దించి, కప్పు పైకి లేపాడు. అలా ఆడమనిషి నిటారుగా నిలబడి వంట చేసుకునే వీలు కలిగింది. వినడానికి చిన్న విషయమే. పొయ్యి ముందు వంగి నిలబడ్డ వాళ్లకే దాని విలువ తెలుస్తుంది.

చూసినవాళ్లు తమకూ కావాలన్నారు. తయారీ పటాలు పోస్టులో అమ్మాడు. పెరట్లోనే బళ్లు కడుతుంటే సుత్తి మోతకి ఇరుగుపొరుగు గొడవ చేశారు. దాంతో 1930ల తొలినాళ్లలో ఫ్యాక్టరీ పెట్టాడు. 1936లో వచ్చిన క్లిప్పర్‌తో పేరు మోగిపోయింది. అల్యూమినియం రేకుల్ని రివెట్లతో బిగించిన ఆ బండిలో నలుగురు పడుకోవచ్చు. నీళ్లు, కరెంటు దీపాలు, వంటగది అన్నీ ఉన్నాయి. ధర 1,200 డాలర్లు. అన్నట్టు, ఆ ఆకారం పూర్తిగా వాలీ సొంతం కాదు. గ్లైడర్లు తయారుచేసే హాలీ బౌలస్ అంతకు రెండేళ్ల ముందే అలాంటిది చేశాడు. కాకపోతే అందులో తలుపు ముందువైపు ఉండేది. లాగే కొక్కెం దాటుకుంటూ ఎక్కాలి. చేతిలో గిన్నెతో ఎక్కడం ఎలాగో మరి! వాలీ ఆ తలుపుని పక్కకి మార్చాడు.

యుద్ధం వచ్చి అల్యూమినియమంతా విమానాలకి పోవడంతో ఫ్యాక్టరీ మూతపడింది. తనూ విమానాల తయారీలోనే పనిచేసి, యుద్ధమయ్యాక మళ్లీ మొదలుపెట్టాడు. తన బండి ఎంత తేలికో చూపించడానికి 1947లో ఆల్‌ఫ్రెడ్ లెటూర్నర్ అనే ఫ్రెంచి సైకిలు పందేల వీరుడితో సైకిలుకి కట్టి లాగించాడు!

1951 నుంచి వాలీ జట్లుజట్లుగా జనాన్ని వెంటేసుకుని ప్రయాణాలు పెట్టాడు. మొదటిది మెక్సికో మీదుగా మధ్య అమెరికాకి. ఆ దారులకి తట్టుకోలేక చాలామంది మధ్యలోనే వెనక్కి మళ్లారు. అయినా వెరవక 1959లో 41 ట్రైలర్లతో కేప్‌టౌన్ నుంచి బయల్దేరి, మరుసటేడాది కైరో చేరాడు. పిరమిడ్ల ముందు ఆ వెండిబళ్లు బారులు తీరిన ఫొటో నేటికీ ప్రసిద్ధం. వెళ్లినవాళ్లలో చాలామంది ఉద్యోగ విరమణ చేసినవాళ్లు. మగవాళ్లు రిటైరయ్యారు సరే, ఆ బుల్లి వంటింట్లో గరిటె పట్టింది ఎవరో వేరే చెప్పాలా? మారియన్ పట్టుబట్టి సాధించిన వంటిల్లు సుఖం ఇచ్చింది, పనినీ వెంట పంపింది.

1962 జూలై 22న మెదడులో కణితితో వాలీ చనిపోయాడు. యాత్రలు ఆగలేదు. వాటి నిర్వహణలో ముందునుంచీ చెయ్యి ఉన్న అతని బంధువు హెలెన్ ష్వాంబోర్న్ పని కొనసాగించింది. 1963లో సింగపూర్‌లో మొదలైన బళ్ల వరుస మన దేశం మీదుగా సాగి మరుసటేడాది పోర్చుగల్ చేరింది. 1969లో చంద్రయాత్ర చేసి వచ్చిన ముగ్గురినీ ఉంచింది కూడా మార్పులు చేసిన ఎయిర్‌స్ట్రీమ్‌లోనే.

వాలీ కాలం నాటి బళ్లని బాగుచేసుకుని, అదే కాలపు పాత పికప్ ట్రక్కులకి తగిలించి తిరిగే దంపతులు అమెరికాలో ఇప్పటికీ ఉన్నారు. చూడముచ్చటైన జోడీయే, కానీ సైకిలు లాగింది కదా అని ధీమా పడితే ప్రమాదం. చదును నేల మీద దొర్లడం వేరు, ఘాట్ దిగడం వేరు. పాత ట్రక్కుకి లాగే బలం ఉన్నా, వెనక తోసుకొచ్చే బరువుని ఆపే బలం ఉండకపోవచ్చు. అందుకే ట్రైలర్‌కి సొంత బ్రేకులుండాలి. సామాను సర్దడంలోనూ కిటుకుంది. మన ఎడ్లబండిలో వెనకబరువు ఎక్కువైతే కాడి పైకి లేస్తుంది, ముందుబరువు ఎక్కువైతే ఎడ్ల మెడలు దిగిపోతాయి. ఇక్కడా అంతే. మొత్తం బరువులో నూటికి పది నుంచి పదిహేను వంతులు ట్రక్కు కొక్కెం మీద పడాలి. తగ్గితే వేగంలో ట్రైలర్ తోక ఊపుతుంది, ట్రక్కుని కూడా తిప్పేస్తుంది.

కొనేవాళ్లు పైన మెరిసే రేకుని చూసి మురిసిపోతారు. తెలిసినవాళ్లు మాత్రం ముందు లోపలికెళ్లి తలుపు దగ్గర, వెనక మూలల్లో నేలని కాలితో నొక్కి చూస్తారు. నీరు దిగి ప్లైవుడ్ కుళ్లేది అక్కడే.