నాడి పట్టి పాఠం చెప్పిన కృష్ణమాచార్యులు

గుండె జబ్బు నుంచి కోలుకుంటున్న వారికి యోగాభ్యాసం ఎంతవరకు ఉపకరిస్తుందో ఈ ప్రత్యేక సంచికకు రాయవలసిందని మన సంఘం కార్యదర్శి గారు కోరారు. నేను వైద్యుణ్ణి కాను, యోగాచార్యుణ్ణి అంతకంటే కాను. పెద్దపల్లి తాలూకాఫీసులో ఎల్.డి.సి.గా చేరి, 1985లో మండలాలు వచ్చినప్పుడు ఆ కాగితాలే ఒక బీరువాలోంచి మరో బీరువాలోకి సర్ది, యు.డి.సి.గా పదవీ విరమణ చేసినవాణ్ణి. నాలుగేళ్ల కిందట గుండెకు రెండు స్టెంట్లు వేశారు. అంతే నా అర్హత. అందుచేత ఆసనాల పట్టిక రాయను. ఆ పట్టిక అందరికీ ఒకటే ఉండరాదని తన బోధనతో చూపిన ఒక పెద్దమనిషి జీవితం చెబుతాను. ఆయన తిరుమలై కృష్ణమాచార్యులు గారు.

ఆయన పేరు వినని వారు కూడా ఆయన శిష్యుల పేర్లు వినే ఉంటారు. పూనాలో యోగ విద్యాలయం స్థాపించిన బి.కె.ఎస్. అయ్యంగార్, మైసూరు పట్టాభి జోయిస్, హాలీవుడ్‌కు యోగాన్ని తీసుకెళ్లిన ఇంద్రాదేవి, ఈ ముగ్గురికీ గురువు ఆయనే. ఈనాడు ప్రపంచంలో ఏ మూల యోగాభ్యాసం జరుగుతున్నా అందులో చాలా భాగం తిరిగి తిరిగి ఈయన గుమ్మం దగ్గరికే చేరుతుంది.

కృష్ణమాచార్యులు 1888 నవంబరు 18న నాటి మైసూరు సంస్థానంలోని చిత్రదుర్గ జిల్లా ముచుకుందపురంలో జన్మించారు. తెలుగు మాట్లాడే వైష్ణవ కుటుంబం. తండ్రి శ్రీనివాస తాతాచార్యులు వేద పండితులు, తల్లి రంగనాయకమ్మ. పదేళ్ల ప్రాయంలోనే తండ్రి పోయారు. ముత్తాతగారు మైసూరు పరకాల మఠానికి అధిపతిగా ఉండడంతో కుటుంబం అక్కడికి చేరింది. మైసూరులోను, ఆపైన కాశీలోను వ్యాకరణం, తర్కం, వేదాంతం, ఆయుర్వేదం చదివారు. తరువాత మానస సరోవరం దగ్గర రామమోహన బ్రహ్మచారి అనే గురువు వద్ద ఏడున్నర సంవత్సరాలు యోగం అభ్యసించారని ఆయన స్వయంగా చెప్పుకొన్నారు. ఆ ప్రయాణపు సంవత్సరాలు ఒక్కో జీవితచరిత్రలో ఒక్కో విధంగా ఉన్నాయి. సర్వీసు రిజిస్టర్లు సరిచూసి సరిచూసి వచ్చినవాణ్ణి గనుక నా కన్ను ముందు అక్కడే పడింది. కాని ఆ లెక్క తేలకపోయినా మన విషయానికి లోటు లేదు.

అంత చదువు చదివి తిరిగి వచ్చిన మనిషి 1925లో నామగిరియమ్మ గారిని వివాహమాడారు. యోగం నేర్పితే కూడు దొరికే రోజులు కావు. హాసన్ జిల్లాలో ఒక కాఫీ తోటలో ఫోర్‌మన్‌గా కుదురుకున్నారు. బొగ్గు గనుల పక్కన బతికే మనకు ఫోర్‌మన్ అంటే ఎవరో వేరే చెప్పనక్కరలేదు. షడ్దర్శనాలు చదివిన పండితుడు కూలీల హాజరు చూసుకుంటూ కాలం గడిపారంటే, చదువుకూ కొలువుకూ పొత్తు కుదరని బాధ ఆనాడూ ఉన్నదే.

మైసూరు మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడయరు ఆదరణతో దశ తిరిగింది. 1933లో జగన్మోహన ప్యాలెస్‌లో యోగశాల తెరిచారు. మరుసటి ఏడు కన్నడంలో 'యోగ మకరంద' అనే గ్రంథం వెలువరించారు. యోగశాలలో ఎక్కువ మంది దృఢకాయులైన కుర్రవాళ్లు. ఎగిరి దూకి ఒక ఆసనం నుంచి మరో ఆసనానికి పోయే కఠినమైన అభ్యాసం వారిది. 1934లో భార్య తమ్ముడు, క్షయతో చిక్కి శల్యమైన పదిహేనేళ్ల పిల్లవాడు, ఆ ఇంటికి వచ్చాడు. అతడే తరువాత బి.కె.ఎస్. అయ్యంగార్. గురువు గారి కోపం గురించి, దెబ్బల గురించి ఆ శిష్యుడే తరువాత దాచకుండా రాసుకున్నారు. మహనీయుల జీవితాలు రాసేటప్పుడు ఇటువంటివి వదిలేయడం మనవారికి అలవాటు. నాకది సమ్మతం కాదు.

ఆ కాలంలో యోగమంటే జనానికి నమ్మకం తక్కువ. వారిని రప్పించడానికి ఆచార్యుల వారు ఊరూరా ప్రదర్శనలు ఇచ్చేవారు. కదులుతున్న మోటారు కారును చేతులతో ఆపేవారని, పళ్లతో బరువులు ఎత్తేవారని చెబుతారు. వీటన్నిటికంటె పెద్ద పేరు తెచ్చినది నాడిని ఆపివేయడం. తెరీజ్ బ్రాస్ అనే ఫ్రెంచి హృద్రోగ వైద్యురాలు 1935 ప్రాంతంలో ఇ.సి.జి. యంత్రం వెంట తీసుకొని మన దేశం వచ్చారు. ఆమె పరీక్షించిన యోగులలో ఆయన ఒకరు. ఆమె, ఆచార్యుడు లోబ్రీ కలిసి 1936లో ఫ్రెంచి వైద్య పత్రికలో ప్రచురించిన ఫలితాలతో, భారతీయ యోగి గుండెను ఆపగలడన్న వార్త దేశదేశాలకు పాకింది.

ఇరవై ఏళ్లకు పైగా గడిచాక, 1957లో, వెంగర్, బాగ్చి అనే అమెరికా శాస్త్రవేత్తలు, ఢిల్లీ నుంచి డాక్టర్ బి.కె. ఆనంద్ కలిసి ఇదే సంగతి తేల్చడానికి పూనుకున్నారు. అప్పటికి మద్రాసులో ఉన్న కృష్ణమాచార్యుల వారిని ఒప్పించి పరీక్షించారు. మొత్తం నలుగురు యోగులను చూసి 1961లో వ్యాసం ప్రకటించారు. అందులో ముగ్గురు అనుసరించిన పద్ధతిని వారు ఇలా విప్పి చెప్పారు. ఊపిరి బిగబట్టి, గొంతు మూసి, పొట్ట, రొమ్ము కండరాలను గట్టిగా బిగిస్తే రొమ్ములో ఒత్తిడి పెరుగుతుంది. శరీరం నుంచి గుండెకు తిరిగి రావలసిన రక్తం తగ్గుతుంది. మణికట్టు దగ్గర నాడి చేతికి తగలదు. స్టెతస్కోపులో చప్పుడు వినిపించదు. కాని ఇ.సి.జి. కాగితం మీద గీత నడుస్తూనే ఉంటుంది. నాడి అందలేదు గాని గుండె ఆగలేదు.

ఈ వివరం ఇంత సాగదీసి రాయడానికి కారణం ఉన్నది. మన సభ్యులలోనే ఒక మిత్రునికి బైపాస్ అయిన మూడు నెలలకు, ఒకానొక శిబిరంలో, ఊపిరి ఎంతసేపు బిగబడితే రక్తనాళాలు అంత శుభ్రపడతాయని చెప్పి కుంభకం చేయించారు. ఆయన కళ్లు తిరిగి పడిపోయారు. అదృష్టవశాత్తు పెద్ద ప్రమాదం కాలేదు. ఆరోగ్యవంతుడైన యోగి మణికట్టు దగ్గర నాడినే మాయం చేయగల బిగింపు, గాయపడిన గుండెను ఏం చేయగలదో పైన చెప్పిన పరీక్ష చదివితే ఎవరికైనా అర్థమవుతుంది. మలబద్ధకంతో ముక్కవద్దని, బరువు ఎత్తవద్దని డాక్టర్లు మనకు చెప్పేదీ ఈ బిగింపు గురించే.

ఇక ఆచార్యుల వారి సంగతి. 1940లో మహారాజు పోయారు. స్వాతంత్ర్యం వచ్చి సంస్థానం పోయింది. 1950లో యోగశాల మూతపడింది. అరవై దాటిన వయసులో, పెద్ద సంసారంతో, కొలువు లేకుండా నిలబడ్డారు. మనలో పెన్షను కాగితాలు ఆలస్యమైన వారికి ఆ స్థితి కొంత తెలుసు. ఆయనకు పెన్షనూ లేదు. 1952లో మద్రాసులో పక్షవాతం వచ్చిన ఒక ప్రముఖ న్యాయకోవిదునికి చికిత్స చేయడానికి పిలుపు వచ్చింది. వెళ్లి, అక్కడే స్థిరపడ్డారు.

నా దృష్టిలో ఆయన జీవితంలో అసలు ఘట్టం ఇదే. మైసూరులో ఆయన ముందు నిలబడినవారు దూకగల కుర్రాళ్లు. మద్రాసులో వచ్చినవారు నడివయసు గృహస్థులు, వృద్ధులు, నిద్ర పట్టనివారు, ఆయాసంతో బాధపడేవారు, ఒక పక్క చచ్చుబడినవారు. వీరికి పాత పాఠం పనికిరాదు. వచ్చిన మనిషిని కూర్చోబెట్టి ముందు నాడి చూసేవారు. వయసు, వృత్తి, తిండి, నిద్ర విచారించేవారు. ఆ తరువాతనే ఏం చేయాలో చెప్పేవారు, అదీ ఒక్కొక్కరికి విడివిడిగా. నిలబడలేని వారికి పడుకొని చేసేది, చేయి పూర్తిగా లేవని వారికి సగం వరకు లేపేది. ప్రతి కదలికకూ శ్వాసను జతచేసేవారు. చేయి లేస్తుంటే లోపలికి, దిగుతుంటే బయటికి. ఆ శ్వాస తడబడితే చేస్తున్నది శక్తికి మించిందని గుర్తు. అక్కడ ఆపాలి. ఒకప్పుడు ఊపిరి బిగబట్టి దేశదేశాల వైద్యులను ఆశ్చర్యపరిచిన ఆయన ఇప్పుడు ఊపిరి తడబడకుండా చూసుకోవడం నేర్పారన్న మాట. నాడిని ఆపే విద్య తనకూ నేర్పమని కొడుకు దేశికాచార్ అడిగితే, దానివల్ల లోకానికి ఉపయోగం లేదని నిరాకరించారట.

ఈ దేశికాచార్ ఇంజనీరింగు చదివిన యువకుడు. తండ్రి విద్య మీద మొదట అంత ఆసక్తి లేదు. 1960ల మొదట్లో ఒకనాడు ఒక విదేశీ మహిళ కారు దిగి వచ్చి, వాకిట్లోనే, ఛాందసుడైన ఆ వృద్ధ బ్రాహ్మణుణ్ణి సంతోషంతో కౌగిలించుకున్నదట. ఎన్నో ఏళ్ల తరువాత నిద్రమాత్ర లేకుండా నిద్ర పట్టిందని ఆమె ఆనందం. అది చూసి కొడుకు ఉద్యోగం ఆలోచన మాని తండ్రి దగ్గర శిష్యుడిగా కూర్చున్నారు. మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి గారు డెబ్బై ఏళ్ల ప్రాంతంలో ఈ దేశికాచార్ దగ్గరే అభ్యాసం నేర్చుకున్నారు. 1976లో తండ్రి పేరిట మద్రాసులో కృష్ణమాచార్య యోగ మందిరం స్థాపించినది కూడా ఆయనే. దేశికాచార్ 2016లో పరమపదించారు.

ఆచార్యుల వారికి 96వ ఏట తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ వద్దని, మంచంలో పడుకొనే చేసుకోగల అభ్యాసం తనకు తానే రూపొందించుకొని చేశారు. ఇది మనం అనుకరించవలసిన విషయం కాదు. తుంటి విరిగితే ఆసుపత్రికి పోవలసిందే. మంచం మీద ఉన్న ముసలి శరీరానికి తగిన పాఠం తనకు తానే రాసుకున్నారన్నది మాత్రం గమనించదగినది. 1989 ఫిబ్రవరి 28న, నూరేళ్లు దాటాక, కన్నుమూశారు.

ఆయన తరువాత వైద్యులు ఏం తేల్చారో కూడా చెప్పాలి, లేకపోతే ఇది భక్తుడి రాత అవుతుంది. ఆయన జీవించి ఉండగానే, 1969లో బొంబాయిలో డాక్టర్ దాతే బృందం 47 మంది రక్తపోటు రోగులకు శవాసనం చేయించి ఫలితం ప్రకటించింది. అన్నిటికంటె పెద్దది ఇటీవలిది, 2020లో ప్రచురితమైనది. మన దేశంలోని 24 ఆసుపత్రులలో గుండెపోటు నుంచి కోలుకుంటున్న 3,959 మందిని రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి మామూలు వైద్యంతో పాటు సలహాలు మాత్రమే ఇచ్చారు. రెండవ భాగానికి 12 వారాలలో 13 తరగతులుగా తేలికపాటి ఆసనాలు, శ్వాస, ధ్యానం నేర్పి ఇంట్లో కొనసాగించమన్నారు. ఇది ఆచార్యుల వారి పేరిట జరిగినది కాదు. విదేశాలలో గుండె రోగులకు ఆసుపత్రిలో యంత్రాల మీద వ్యాయామం చేయించే ఏర్పాటు ఉన్నది. మన చిన్న పట్టణాలలో అది దొరకదు గనుక, తక్కువ ఖర్చులో దానికి బదులు యోగం పనిచేస్తుందా అని చూశారు.

ఫలితం ఉన్నదున్నట్టు రాస్తున్నాను. మరణం, మళ్లీ గుండెపోటు, పక్షవాతం, అత్యవసరంగా ఆసుపత్రిలో చేరడం, ఇవన్నీ కలిపి యోగం చేసినవారిలో 6.7 శాతం, చేయనివారిలో 7.4 శాతం. ఈ తేడా ఖాయమైనదని చెప్పడానికి చాలదని వారే అన్నారు. కాని యోగం చేసినవారు తమ ఆరోగ్యం బాగున్నదని ఎక్కువగా చెప్పారు, జబ్బుకు ముందు చేసుకునే పనులకు బాగా తిరిగి వచ్చారు. యోగం రక్తనాళంలో అడ్డు కరిగిస్తుందని ఇందులో ఎక్కడా లేదు. మాత్రలు మానవచ్చని అసలే లేదు. మనిషి భయం వదిలి మళ్లీ తన పనిలో పడడానికి సాయపడుతుందని మాత్రం ఉన్నది.

ఆ భయం చిన్నదేమీ కాదు. కరీంనగర్‌కో హైదరాబాదుకో పోయి స్టెంటు వేయించుకొని ఇంటికి వచ్చిన మనిషికి చేతిలో మాత్రల చీటీ, ఉప్పు తగ్గించమన్న మాట తప్ప మరేమీ ఉండవు. మెట్లెక్కితే ఏమవుతుందో తెలియదు. నేను మొదటి రెండు నెలలు పెరట్లోకి పోవడానికి కూడా మా ఇంటావిడను తోడు పిలిచేవాణ్ణి. తరువాత డాక్టరుగారి అనుమతితో, గోదావరిఖనిలో బోధించే ఒక అనుభవజ్ఞుని దగ్గర కుర్చీలో కూర్చొని చేతులెత్తడం, దించడం, ఊపిరి నిదానంగా వదలడం మొదలుపెట్టాను. ఆయన కూడా మొదటి రోజు ఏ ఆసనమూ చూపలేదు. అరగంట సేపు నా డిశ్చార్జి కాగితం చదివి, ప్రశ్నలు వేశారు. మూడవ వారం నేనొక్కణ్ణే కూరగాయల సంతకు పోయి వచ్చాను.

మన సంఘ భవనంలో మంగళ, శుక్రవారాలు ఉదయం ఏడింటికి ఇటువంటి అభ్యాసం జరుపుకుంటున్నాము. ప్రస్తుతం పదకొండు మందిమి. రాదలచినవారు డాక్టరుగారి అనుమతి చీటీ, ఆపరేషన్ కాగితాల నకలు తప్పక తేవాలి. బైపాస్ అయినవారు రొమ్ము ఎముక పూర్తిగా అతికిందని డాక్టరు చెప్పేవరకు ఆగాలి. చేతులు లేని కుర్చీలు మరో ఆరు అవసరమున్నవి. ఎవరి ఇంట్లోనైనా వాడకుండా ఉంటే కోశాధికారి గారికి తెలియజేయ ప్రార్థన.