వాడవాడలా అక్షరం: భాగ్యరెడ్డి వర్మ బాట

బడిలో ఉండీ చదవడం రాని పిల్లల కోసం గంటో అరగంటో వెచ్చించే వాలంటీర్లు ఇవాళ అనేక ఊళ్లలో కనిపిస్తారు. వారి అవసరం ఎంతో 2022 నాటి అసర్ నివేదికే చెబుతుంది. గ్రామీణ భారతంలో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠాన్ని చదవగలిగినవారు 42.8 శాతమే. అయితే ఈ కృషిని ఉన్నవారు లేనివారిపట్ల చూపే దయగా చెప్పుకోవడం మనకు అలవాటైంది. మన నేల మీద దీనికి వేరొక వారసత్వం ఉంది. అది హైదరాబాద్ దళితవాడల్లో భాగ్యరెడ్డి వర్మ చేతుల మీదుగా రూపుదిద్దుకుంది.

మాదరి వెంకయ్య, రంగమాంబ దంపతులకు 1888 మే 22న హైదరాబాద్‌లో జన్మించిన ఆయన తొలి పేరు భాగయ్య. ఈ నేలను ఆదిలో ఏలినవారు దళితులేనని నమ్మిన కుటుంబ గురువు, ఏలిక అనే అర్థంలో ఆ పేరును భాగ్యరెడ్డిగా మార్చాడు. వర్మ అన్నది 1913లో ఆర్యసమాజం ఇచ్చిన బిరుదు. మాల కుటుంబంలో పుట్టిన పిల్లవాడు పాలకుల పేరు పెట్టుకుని తిరగడం ఆ రోజుల్లో చిన్న విషయమేమీ కాదు.

1906లో, పద్దెనిమిదేళ్ల వయసులో, ఆయన జగన్మిత్ర మండలిని స్థాపించారు. చదువు రానివారికి పుస్తకం ఇచ్చి లాభం లేదు గనుక మండలి హరికథలతో, భజనలతో వాడల్లోకి వెళ్లింది. ముందు చెవికి కథ అందింది. నాలుగేళ్లకు కంటికి అక్షరం అందించే పని మొదలైంది. 1910లో ఇసామియా బజార్‌లోనూ, లింగంపల్లిలోనూ దళిత పిల్లల కోసం ప్రాథమిక పాఠశాలలు తెరిచారు. మరుసటి ఏడాది మండలి మాన్య సంఘంగా మారి, ఉపన్యాసాలతో, చిన్న పుస్తకాలతో ప్రచారాన్ని విస్తరించింది. పిల్లలకు బడి, పెద్దలకు సభ ఒకే ఉద్యమంలో భాగమయ్యాయి. మద్యపానం, బాల్యవివాహాలు, జోగిని దురాచారాలపై పోరాటం కూడా ఈ బడుల పక్కనే సాగింది.

ఈ పాఠశాలల్లో బోధన తెలుగులో జరిగింది. నిజాం రాజ్యంలో అధికార భాష ఉర్దూ. ఇంట్లో తెలుగు మాట్లాడే కూలివాడి బిడ్డకు అక్షరమూ కొత్తదే, భాషా కొత్తదే అయితే ఆ రెండు బరువులూ ఒకేసారి మోయలేదు. భాగ్యరెడ్డి వర్మ అందులో ఒక బరువును తగ్గించారు. తమ పిల్లలను ఇంగ్లీషు బడులకు పంపుతూ దళితుల పిల్లలకు మాత్రం మాతృభాషా మాధుర్యాన్ని బోధించేవారికి ఈ ఉదాహరణను వాడుకునే హక్కు లేదని నా అభిప్రాయం. ఆయన తెలుగును ఎంచుకున్నది పిల్లలు త్వరగా చదవగలగడానికి. వారిని ఒక మెట్టు మీద ఆపేయడానికి కాదు.

పిల్లవాడు పలక మీద రాయాలని తహతహలాడేది తన పేరే. జాతి విషయంలోనూ అంతే. 1917లో బెజవాడలో జరిగిన పంచమ మహాసభకు అధ్యక్షత వహించిన భాగ్యరెడ్డి వర్మ ఆ పంచమ పదాన్నే తిరస్కరించారు. సభ ఆది ఆంధ్ర సభ అయింది. హైదరాబాద్ సంస్థానంలో ఆది హిందువు అనే పేరు కోసం సాగిన పోరాటం 1931 జనగణనలో ఫలించింది. అదే ఏడాది ఆయన భాగ్యనగర్ పత్రికను ప్రారంభించారు. ఇరవయ్యేళ్లుగా వాడల్లో చదువు చెప్పిన ఉద్యమానికి, చదవడం వచ్చినవారు చేతిలోకి తీసుకోదగిన పత్రిక ఉండాలన్న ఎరుక కూడా ఉంది.

రెండు బడులతో మొదలైన పని 1930ల తొలి సంవత్సరాలకు 26 పాఠశాలలకు, సుమారు 2,500 మంది విద్యార్థులకు చేరింది. 1934లో నిజాం ప్రభుత్వం వాటిని తన ఆధీనంలోకి తీసుకుంది. అయిదేళ్ల తరువాత, 1939 ఫిబ్రవరి 18న, భాగ్యరెడ్డి వర్మ కన్నుమూశారు. ఆయన జీవితంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచింపజేసేది 1934 నాటి ఆ మలుపే. సంఘం తన శక్తితో నిలబెట్టిన బడుల బాధ్యత చివరికి ఖజానా మీద పడింది. ఒక వాడ పిల్లలు చదువుకోగలరని పాతికేళ్లపాటు రుజువు చేసి చూపాక, వారికి చదువు చెప్పడం తన పని కాదనే సాకు రాజ్యానికి మిగల్లేదు.

నేడు ప్రవాహం వెనక్కి తిరుగుతున్నట్టుంది. ఉపాధ్యాయ ఖాళీలను నింపకుండా ఆ లోటును వాలంటీర్లతో పూడ్చుకునే ప్రభుత్వం, 1934లో రాజ్యం తలకెత్తుకున్న బరువును మళ్లీ వాడ మీదికే దించుతోంది. అలాంటి బడిలో నష్టపోయేది ఎవరి పిల్లలో వేరే చెప్పనక్కరలేదు. ఫీజు కట్టగలిగినవారు ఆ బడిని ఎప్పుడో విడిచారు. అక్కడ మిగిలింది ఎక్కువగా దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల పిల్లలే.

కనుక సాయంత్రం పూట పిల్లల పక్కన కూర్చునే విద్యార్థి మిత్రులకు నా విన్నపం ఇది. ఆ పని మానకండి. మీ వాడలో చదువుకున్న తమ్ముళ్లను, చెల్లెళ్లను అందులోకి తీసుకురండి. దానితోపాటు మీ మండలంలో ఎన్ని ఉపాధ్యాయ పోస్టులు ఖాళీగా ఉన్నాయో లెక్క తీసి అధికారుల ముందు పెట్టండి. మొదటి పని మాత్రమే చేస్తే అది సేవ అవుతుంది. రెండూ కలిపి చేస్తే భాగ్యరెడ్డి వర్మ నడిచిన బాట అవుతుంది.