పిల్లల పొట్టకు శత్రువు గోధుమేనని తేల్చిన డచ్ డాక్టర్

పొట్ట ఉబ్బిపోయి, కాళ్లూ చేతులూ పుల్లల్లా సన్నబడిపోయిన పిల్లలు. ఎంత తిన్నా ఒంటికి పట్టదు. జిడ్డుగా, దుర్వాసనతో విరేచనాలు. ఎదుగుదల ఆగిపోయి, కొందరు ప్రాణాలే కోల్పోయేవారు.

లండన్ డాక్టర్ శామ్యూల్ గీ 1888లోనే ఈ సీలియాక్ వ్యాధిని వివరించారు. నయమయ్యేది ఆహారంతోనేనని ఊహించారు కూడా. కానీ ఏ ఆహారం మానాలో చెప్పలేకపోయారు. ఆ జవాబు రావడానికి మరో అర్ధ శతాబ్దం పైగా పట్టింది. దాన్ని వెతికిపట్టిన వ్యక్తి విల్లెం కారెల్ డికే.

అరటిపళ్ల వైద్యం

డికే 1905లో నెదర్లాండ్స్‌లోని డోర్‌డ్రెక్ట్‌లో పుట్టారు. లైడెన్‌లో వైద్యం చదివారు. హేగ్‌లోని జూలియానా పిల్లల ఆసుపత్రిలో చేరి, 31 ఏళ్లకే 1936లో దానికి డైరెక్టర్ అయ్యారు.

అప్పటికి ఈ జబ్బుకు పేరున్న వైద్యం అరటిపళ్లు. అమెరికా డాక్టర్ సిడ్నీ హాస్ 1924లో దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. బ్రెడ్డు, ధాన్యాలు, బంగాళాదుంప ఆపి అరటిపళ్లు పెడితే పిల్లలు కోలుకున్నారు. గుణం పళ్లదే అనుకున్నారు. నిజానికి మేలు చేసింది పళ్లెంలోంచి తీసేసిన గోధుమ. అది ఎవరికీ తెలియక, కోలుకున్న పిల్లలకు మళ్లీ బ్రెడ్డు పెట్టేవారు. జబ్బు తిరగబెట్టేది.

డికే ఒక్కో పిల్లవాణ్ణీ విడిగా గమనించారు. గోధుమ మాన్పించి నెలల తరబడి బరువు, ఎత్తు రాయించారు. మళ్లీ పెట్టి ఏమవుతుందో చూశారు. తొలి ఫలితాలను 1941లో డచ్ వైద్య పత్రికలో ప్రచురించారు. దేశం అప్పుడు జర్మన్ సేనల ఆక్రమణలో ఉంది. ఆ వ్యాసం బయటి ప్రపంచానికి పెద్దగా చేరలేదు.

ఆకలి శీతాకాలం

1944-45 శీతాకాలంలో పశ్చిమ నెదర్లాండ్స్‌లో తిండి దొరకలేదు. జనం తులిప్ దుంపలు కూడా తిన్నారు. బ్రెడ్డు కరువైన ఆ రోజుల్లో సీలియాక్ పిల్లలు మాత్రం కుదుటపడ్డారు. గోధుమ మళ్లీ దొరకగానే వారి జబ్బూ తిరిగి వచ్చింది.

కరువే ఆయనకు ఈ ఆలోచన ఇచ్చిందని తరచూ చెబుతుంటారు. అది సరికాదు. అనుమానం అంతకుముందే ఉంది, కరువు దాన్ని బలపరిచింది.

ఒక్క అనుమానంతో వైద్యలోకం ఒప్పుకోదు. అందుకే ఉట్రెక్ట్‌లో జీవరసాయన శాస్త్రవేత్త వాన్ డి కామర్, పిల్లల డాక్టర్ వైయర్స్‌తో కలిసి పనిచేశారు. పిల్లలు తిన్న కొవ్వులో ఎంత ఒంటికి పట్టింది, ఎంత మలంలో పోయింది అని కొలిచారు. గోధుమ, రై పిండి పెడితే వృథాగా పోయే కొవ్వు పెరిగింది. గోధుమలోని పిండి పదార్థం ఒక్కటే ఇస్తే ఏమీ కాలేదు. అంటే దోషం పిండిది కాదు, దానిలోని ప్రొటీన్‌ది. అదే గ్లూటెన్. డికే 1950లో ఈ పరిశీలనలతో డాక్టరేట్ సిద్ధాంత గ్రంథం సమర్పించారు. 1952లో బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్ పరిశోధకులూ ఇదే నిర్ధారించారు.

ఆయన తర్వాత ఉట్రెక్ట్‌లో ప్రొఫెసర్ అయ్యారు. 1962లో, 57 ఏళ్లకే కన్నుమూశారు.

ఈనాటి పరీక్షకు పాఠం

ఇప్పుడు మలం తూచనక్కర్లేదు. ముందు రక్తంలో టీటీజీ ఐజీఏ యాంటీబాడీలు చూస్తారు. కొందరి ఒంట్లో ఐజీఏనే తక్కువగా ఉంటుంది కాబట్టి దాని మొత్తం పరిమాణం కూడా చూస్తారు. అవసరమైతే ఎండోస్కోపీతో చిన్నపేగు ముక్క తీసి పరీక్షిస్తారు.

అయితే పరీక్ష నాటికి బిడ్డ గోధుమ తింటూ ఉండాలి. ముందే చపాతీ మాన్పించేస్తే పేగు కోలుకుంటుంది, యాంటీబాడీలు తగ్గుతాయి, జబ్బున్నా లేనట్టు ఫలితం రావచ్చు. డికే వార్డులో గోధుమ ఆపగానే పిల్లలు తేరుకోవడానికి, ఇంట్లో ముందే మాన్పిస్తే పరీక్ష తప్పడానికి కారణం ఒక్కటే.

గోధుమ ఎక్కువగా తినే ఉత్తర భారతంలో సుమారు వందమందిలో ఒకరికి ఈ జబ్బు ఉన్నట్టు అధ్యయనాలు చెబుతున్నాయి. వరి తినే దక్షిణాదిలో చాలా తక్కువ. అందుకే తెలుగిళ్లలో బిడ్డ ఎదగకపోతే దీని మీదికి దృష్టి తొందరగా పోదు. జబ్బు తేలితే మాత్రం జీవితాంతం జాగ్రత్త తప్పదు. అన్నం, జొన్న రొట్టె, రాగి సంకటికి భయం లేదు. ఉప్మా రవ్వ, మైదా బిస్కెట్లు, పూరీలు కూడదు. మైదా కలిపిన ఇంగువా పనికిరాదు. చిటికెడే కదా అనుకోవడానికి వీల్లేదు.