కొమురం భీమ్: ఉర్దూ కాగితం చదవడం నేర్చుకున్న గోండు యువకుడు

కాణిపాకం, చిత్తూరు వైపు మన ఇళ్ళలో పిల్లలకు కొమురం భీమ్ పేరు సినిమా వల్లే తెలిసింది. 2022లో వచ్చిన ఆర్ఆర్ఆర్‌లో ఆయన అక్తర్ అనే పేరుతో ఢిల్లీలో తిరుగుతాడు. అది కథ కోసం అల్లుకున్నది. అసలు భీమ్ పోరాడింది తెల్లదొర గవర్నరుతో కాదు, నిజాం సర్కారు అటవీ శాఖతో. అంటే మన పెద్దలు గర్వంగా చెప్పుకునే ఆసఫ్‌జాహీ సర్కారుతోనే. అందుకే ఈ జీవితాన్ని మనం తప్పించుకుని పోకుండా, కాస్త నింపాదిగా చదవాలి.

భీమ్ 1901లో ఆసిఫాబాద్ దగ్గరి సంకేపల్లి గూడెంలో పుట్టాడని చెబుతారు. వాళ్ళది గోండుల కుటుంబం. గోండులు తమను తాము కోయితూర్ అని పిలుచుకుంటారు. అడవిలో ఉన్నారు కదా అని వాళ్ళను రాజ్యం ఎరగని జనం అనుకోవద్దు. చందా, అంటే నేటి చంద్రపూర్, కోటలో గోండు రాజులు 1751 దాకా ఏలారు. ఉత్తరాన దేవగఢ్‌ను ఏలిన గోండు రాజు బఖ్త్ బులంద్ షా ఇస్లాం స్వీకరించినవాడు, నాగపూర్ నగరానికి పునాది వేసినవాడూ ఆయనే. ఈ సంగతి మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

భీమ్ పుట్టేనాటికి ఆ వైభవం లేదు. బ్రిటిష్ ఇండియాలో మాదిరే హైదరాబాదు సంస్థానంలో కూడా అడవికి గీతలు గీసి, రిజర్వు అడవి అని పేరు పెట్టారు. తరతరాలుగా పోడు కొట్టుకుని బతికినవాళ్ళు ఒక్కసారిగా ఆక్రమణదారులయ్యారు. పశువులు మేపితే పన్ను, కట్టెలు కొడితే కేసు. మరోపక్క బయటి నుంచి వచ్చిన రైతులు, షావుకార్లు కచేరీ కాగితాలు చూపించి సాగు భూములు చేజిక్కించుకున్నారు. భీమ్‌కు పదిహేనేళ్ళ వయసులోనే తండ్రి చిన్నూ అటవీ సిబ్బంది చేతిలో చనిపోయాడని, ఆ తర్వాత కుటుంబం కెరమెరి వైపు సర్దాపూర్‌కు వలస వెళ్ళిందని గోండుల నోట వినిపించే కథనం.

సర్దాపూర్‌లో వాళ్ళు కొట్టుకున్న పొలానికి సిద్దిఖ్ అనే భూస్వామి హక్కుదారునంటూ వచ్చాడు. పంట కోత దగ్గర జరిగిన గొడవలో భీమ్ చేతిలో అతను చనిపోయాడు. దీన్ని మనం దాచాల్సిన పని లేదు, హిందూ ముస్లిం గొడవ చేయాల్సిన పనీ లేదు. ఆ అడవిలో గోండులను వెళ్ళగొట్టినవాళ్ళలో అన్ని మతాలవాళ్ళూ ఉన్నారు. భీమ్ లెక్క ఎప్పుడూ నేల గురించే.

అక్కడి నుంచి పారిపోయి చంద్రపూర్ చేరాడు. విఠోబా అనే ఆయన నడిపే అచ్చు ప్రెస్సులో పనికి కుదిరి, హిందీ, ఉర్దూ, కొంత ఇంగ్లీషు చదవడం నేర్చుకున్నాడని చెబుతారు. నాకైతే ఈ జీవితంలో అన్నిటికన్నా పెద్ద ఘట్టం ఇదే అనిపిస్తుంది. 1884 నుంచి సంస్థానం కచేరీ భాష ఉర్దూ. గోండులకు వచ్చే నోటీసు ఉర్దూ, పట్టా ఉర్దూ, జరిమానా రసీదు ఉర్దూ. మన అమ్మీ లాలిపాట పాడిన భాష వాళ్ళకు భయం పుట్టించే భాష. మన తాతలకు కోర్టు ఇంగ్లీషు ఎలాగో, వాళ్ళకు ఉర్దూ అలాగ. అది తెలిసే భీమ్ ఆ భాషను పట్టుబట్టి నేర్చుకున్నాడు. విఠోబాను పోలీసులు పట్టుకెళ్ళాక అస్సాం తేయాకు తోటల్లో నాలుగైదేళ్ళు కూలి చేసి, మళ్ళీ తన అడవికే తిరిగొచ్చాడు. సోంబాయిని పెళ్ళాడాడు.

తిరిగొచ్చిన భీమ్ మొదట తుపాకీ పట్టలేదు, అర్జీలు పట్టాడు. బాబెఝరి చుట్టూ గోండులు, కొలాములు అడవి చదును చేసి ఊళ్ళు కట్టుకుంటే అటవీ సిబ్బంది వచ్చి ఇళ్ళు తగలబెట్టారు. పన్నెండు ఊళ్ళకు పట్టాలివ్వమని, తమ పంచాయితీ తామే చేసుకోనివ్వమని అడిగాడు. హైదరాబాదు దాకా వెళ్ళినా నిజాం దర్శనం దొరకలేదంటారు. ఆ తర్వాతే జోడెఘాట్ గుట్టల్లో పోరు మొదలైంది. ఆయన పేరుతో నిలిచిన జల్, జంగల్, జమీన్ నినాదంలో మూడు మాటలూ మన ఇంట్లో అర్థమయ్యేవే, గమనించారా?

1940లో ఆశ్వయుజ పౌర్ణమి రాత్రి సాయుధ పోలీసులు జోడెఘాట్‌ను చుట్టుముట్టారు. దారి చూపింది గోండుల్లోని మనిషేనని అక్కడివాళ్ళే చెబుతారు. భీమ్, ఆయనతో మరికొందరు కాల్పుల్లో చనిపోయారు.

ఇక్కడ నిజాం సర్కారు గురించి ఇంకో మాట కూడా చెప్పాలి. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి ఆస్ట్రియా నుంచి వచ్చిన పరిశోధకుడు హైమెన్‌డార్ఫ్‌ను ఆ సర్కారే పంపింది. తప్పు అటవీ శాఖ వెళ్ళగొట్టడంలో ఉందని ఆయన తేల్చాడు. ఆ తర్వాత వేల కుటుంబాలకు పట్టాలొచ్చాయి. 1943లో మర్లవాయిలో గోండు టీచర్ల శిక్షణ మొదలైంది, గోండీలో వాచకాలు అచ్చయ్యాయి. ప్రాణాలు పోయాక వచ్చిన న్యాయం, అయినా వచ్చింది.

ఆ వాచకాలు నాగరి లిపిలో ఉండేవి. గోండీకి సొంత లిపి లేదనే అందరూ అనుకున్నారు. ఈ శతాబ్దం మొదట్లో ఆదిలాబాద్ జిల్లా గుంజాల అనే ఊళ్ళో వేరే లిపిలో రాసిన పాత ప్రతులు బయటపడ్డాయి. దాన్ని చదవగలిగిన ముసలివాళ్ళు అప్పటికి కొద్దిమందే మిగిలారు. వాళ్ళ దగ్గర కూర్చుని ఊరి యువకులు నేర్చుకున్నారు, పిల్లలకు నేర్పారు. 2018లో గుంజాల గోండీ లిపి యూనికోడ్‌లో చేరింది. ఇంట్లో దక్కనీ మాట్లాడుతూ, నానీ రాసిన ఉర్దూ ఉత్తరం చదవలేని పిల్లలు మన చిత్తూరు జిల్లాలోనూ ఉన్నారు. గుంజాల వార్త విన్నప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది వాళ్ళే.

2016లో ఆసిఫాబాద్ జిల్లాకు భీమ్ పేరు పెట్టారు. జోడెఘాట్‌లో మ్యూజియం కట్టారు. ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి గోండులు, కొలాములు అక్కడికి చేరి తమ ఆచారం ప్రకారం పూజ చేస్తారు. కేస్లాపూర్ నాగోబా జాతరలో హైమెన్‌డార్ఫ్ కాలంలో మొదలైన దర్బార్ నేటికీ ఆ పేరుతోనే జరుగుతుంది. అధికారులు వరుసగా కూర్చుంటారు. వాళ్ళ ముందుకు వచ్చే అర్జీల్లో పోడు భూమి పట్టా కోసం పెట్టుకున్నవి ఇప్పటికీ ఉంటాయి.