ప్రేంచందు రాయచందు: దూరదేశపు యుద్ధము, బొంబాయి బజారు

బొంబాయి విశ్వవిద్యాలయపు ఆవరణమున రాజాబాయి గోపురమను గడియారపు స్తంభము నేటికిని నిలిచియున్నది. దాని యెత్తు 280 అడుగులు. ఒక జైనవర్తకుడు తన తల్లిపేర దానికి ధనమొసగెనని పెక్కుమంది యెఱుగుదురు. ఆ ధన మెచ్చటనుండి వచ్చినదో, వచ్చినంత వేగముగనే యతని శేషధన మెట్లు పోయినదో యెఱిగినవారు కొలదిమంది. ఒక ఖండమున వర్తకమార్గములు మూతపడినప్పుడు వేఱొక ఖండమున బజారు లెట్లు పొంగునో, అవి మరల తెఱవబడగనే యెట్లు క్రుంగునో తెలిసికొనగోరువారికి ప్రేంచందు రాయచందు జీవితమును మించిన నిదర్శనము మన దేశచరిత్రలో అరుదు.

ప్రేంచందు 1831లో సూరతున జన్మించెను. తండ్రి బొంబాయికి తరలివచ్చి వ్యాపారము సాగించుటచే కుమారునకు ఆ నగరమున ఇంగ్లీషు విద్య లభించినది. యౌవనారంభముననే యతడు రతనుచందు లాలా యను దలాలు కడ చేరెను. ఆనాటి దేశీయ దలాలులలో ఇంగ్లీషు మాటాడ నేర్చినవాడు దాదాపు లేడు. ప్రేంచందు ఐరోపా వర్తకులతోను, బ్యాంకు అధికారులతోను దుబాసీ లేకయే మాటాడగలిగెను. లెక్కలయందు అతని జ్ఞాపకశక్తి యసాధారణమనియు ప్రతీతి. ముప్పది యేండ్లు నిండునాటికి ప్రత్తి, వెండిబంగారములు, వాటాల వర్తకములందు అతనిమాట చెల్లుబడి యగుచుండెను.

అంతలో అమెరికాయందు అంతర్యుద్ధము పుట్టినది. 1861 ఏప్రిలు 19వ తేదీన అధ్యక్షుడు లింకను దక్షిణ రాష్ట్రముల రేవులను దిగ్బంధము చేయుచు ప్రకటన గావించెను. దక్షిణాదివారును తమ ప్రత్తిని బిగబట్టినచో ఇంగ్లండు తమకు లొంగివచ్చునని తలచి తామే యెగుమతిని అడ్డగించిరి. ఇంగ్లండు మిల్లులకు కావలసిన ప్రత్తిలో ముప్పాతికకు తక్కువగాని భాగము అమెరికానుండియే పోవుచుండెను. లాంకషైరున మగ్గములు నిలిచిపోయినవి. లక్షల కూలీలు ధర్మసత్రముల పాలైరి. యుద్ధమునకు ముందు లివర్పూలున పౌను ఒక్కింటికి ఏడెనిమిది పెన్నీలుండిన ప్రత్తిధర 1864 నాటికి రెండు షిల్లింగులకు మించెను.

ఆ ధర మన దేశపు నల్లరేగడి నేలల నన్నిటిని కదలించినది. గుజరాతు, ఖాందేశము, బీరారులనుండి ప్రత్తి బొంబాయికి ప్రవహించెను. మన గుంటూరు సీమ ప్రత్తియు కాకినాడ రేవునుండి ఓడలకెక్కెను. విదేశపు బజారులలో దానికి కాకినాడ ప్రత్తి యను పేరే స్థిరపడినది. ఆ యయిదేండ్లలో బొంబాయికి మామూలు వెలకు పైబడి వచ్చినది ఎనిమిది కోట్ల పౌనులని చరిత్రకారులు లెక్కవేసినారు. లివర్పూలు ధర ముందుగా తెలిసినవానిదే లాభము. తపాలు ఓడ రేవు చేరకముందే ప్రేంచందు చిన్న పడవలను సముద్రముపైకి పంపి వార్త తెప్పించుకొనెడివాడని చెప్పుదురు.

అంత ధనమునకు తగిన పరిశ్రమ లాకాలమున బొంబాయిలో లేవు. అందుచే నది వాటాల జూదమున పడినది. దినమున కొక బ్యాంకు, వారమున కొక కంపెనీ వెలసెను. సముద్రమును పూడ్చి నేల సంపాదింపవలెనని పుట్టిన బ్యాక్‌బే కంపెనీవారి 5,000 రూపాయల వాటా ఇంచుమించు పదిరెట్ల వెల పలికెను. 1863 నాటి క్రొత్తచట్టము బొంబాయి బ్యాంకు అప్పుల విషయమున వెనుకటి కట్టుబాట్లను సడలించెను. ఆ బ్యాంకున ప్రేంచందు సిఫారసు వేదవాక్యమువంటిది. వాటా తాకట్టుపెట్టి అప్పు, ఆ యప్పుతో మరల వాటా: ఇట్లు మేడపై మేడ లేచినది. ఆ మేడకంతకును పునాది లివర్పూలు ప్రత్తిధర. ఆ ధరకు పునాది అమెరికాలో యుద్ధము సాగుచుండుట.

1864 చివరనే సంధివదంతులు పుట్టినంతమాత్రమున ధర దిగిన సంగతిని చూచి జాగ్రత్తపడినవారు కొందఱే. 1865 ఏప్రిలు 9వ తేదీన దక్షిణ సేనాని లీ లొంగిపోయెను. కొలది వారములలో ఆ వార్త బొంబాయి చేరినది. వాయిదా బేరములు తీర్పవలసిన దినము జూలై 1. ఆనాడు కొన్నవారికి చెల్లించుశక్తి లేదు. అమ్మినవారికి రాబడి లేదు. నగరమంతయు దివాలా తీసినది. మఱుసటి యేడు మే నెలలో లండనున ఓవరెండు గర్నీ సంస్థ కూలుటతో మిగిలిన బ్యాంకులును పెక్కు తలుపులు మూసెను. 1868లో బొంబాయి బ్యాంకు మూతపడెను. సర్ చార్లెసు జాక్సను అధ్యక్షతను జరిగిన విచారణమున బ్యాంకు మూలధనము చాలభాగము హరించిపోయినట్లు తేలినది. ఆ బ్యాంకు డైరెక్టర్లలో ప్రభుత్వము నియమించిన వారును కలరని మఱువరాదు. అపరాధ మొక్క ప్రేంచందుదే యనుట న్యాయము కాదు. అతనికి లేదనుటయు న్యాయము కాదు.

ప్రేంచందు సర్వస్వమును కోల్పోయెను. అయినను ఊరు విడిచి పోలేదు. మరల ప్రత్తి, వాటాల వ్యాపారమునే పూనుకొని, పూర్వపు వైభవము లేకున్నను గౌరవముగ బ్రతికి 1906లో మరణించెను. మంచి దినములలో అతడు బొంబాయి విశ్వవిద్యాలయమునకు గ్రంథాలయము కొఱకు రెండు లక్షలు, గోపురము కొఱకు రెండు లక్షలు నొసగెను. గోపురము 1878లో పూర్తియైనది. కలకత్తా విశ్వవిద్యాలయమున కిచ్చిన రెండు లక్షలతో ఏర్పడిన విద్యార్థివేతనమును పొందినవారిలో అశుతోష్ ముఖర్జీ యొకరు. అతడు కూడబెట్టినది పోయినది, దానమిచ్చినది నిలిచినది.

కాని యీ కథ వర్తకులతో ముగియలేదు. హెచ్చుధర నమ్మి అప్పుచేసి ప్రత్తి వేసిన దక్కను రైతునకు ధర పడిపోయినను అప్పు తగ్గలేదు, శిస్తును తగ్గలేదు. 1875లో పూనా, అహమదునగరు జిల్లాల రైతులు షావుకార్ల యిండ్లపై బడి పత్రములను తగులబెట్టుటకు ఆ భారము ముఖ్యకారణములలో నొకటి. బొంబాయిలో దివాలా తీసినవానికి న్యాయస్థానమున విడుదల దొరకినది, రైతునకు దొరకలేదు.

దూరదేశమున సుంకము హెచ్చినను, రేవు మూసినను, సంధి కుదిరినను, దాని ఫలము మన కొట్టములోని సరకు వెలపై పడకమానదు. ధర పెరిగినప్పుడు సంతసించుటకు ముందు, ఏ యవరోధము దానిని నిలుపుచున్నదో, అది తొలగిన దినమున మన యప్పు లెట్లు తీరునో విచారించుకొనుట భూస్వామికిని, పట్టణపు వర్తకునకును సమానధర్మము. ప్రేంచందువంటి మేధావి కూడ ఆ ప్రశ్నను సకాలమున వేసికొనలేదు.