బెంగుళూరు నాగరత్నమ్మగారు, ఆమె చదివిన పుస్తకము

కోవిల్పట్టి, విరుదునగరం, ఈ రెండు ఊళ్ళ తెలుగువారము కలిసి నడుపుకొంటున్న పఠనాలయంలో పుస్తకాల బీరువా ఒక్కటే ఉన్నది. రెండేండ్ల క్రిందట ఆ బీరువా అరలకు చీటీలు అంటించాము. పై అరలు పురుషులకు, క్రింది అరలు స్త్రీలకు అని ఆ చీటీలమీద వ్రాసినది మేమే. పైన చరిత్రలు, జీవితచరిత్రలు, ప్రబంధాలు, డిటెక్టివు నవలలు పెట్టాము. క్రింద వ్రతకథలు, వంటల పుస్తకాలు, మంగళహారతులు, కుటుంబకథల నవలలు సర్దాము. ఎవరికి కావలసినవి వారికి సులువుగా దొరుకుతవి గదా అని మా ఊహ.

ఆరు మాసాలు గడిచాక, పుస్తకాలిచ్చిన రిజిస్టరు తిరగవేసినప్పుడు మా ఊహ ఏపాటిదో తెలిసింది. కోవిల్పట్టి గృహిణి ఒకామె డిటెక్టివు నవలలు వరుసగా పద్దెనిమిది చదివింది, అన్నీ భర్త పేరనే వ్రాయించి. విరుదునగరంలో పదవీవిరమణ చేసిన గార్డు ఒకాయన కుటుంబ నవలలన్నీ కోడలికోసమని పట్టుకొనిపోయారు. ఆ కోడలు ఇంట్లో తెలుగు చక్కగా మాట్లాడుతుంది గాని, ఈ ప్రాంతంలో పుట్టిన చాలామందివలెనే ఆమెకు తెలుగు అక్షరాలు రావు!

ఇక ఒక్క పుస్తకం మాత్రం పై అరలోనూ లేదు, క్రింది అరలోనూ లేదు. అది ముద్దుపళని రాధికాసాంత్వనము. కార్యదర్శిగారి ట్రంకుపెట్టెలో భద్రంగా ఉన్నది. బడిపంతులమ్మగారొకరు వచ్చి, జాబితాలో పేరున్న పుస్తకం బీరువాలో ఎందుకు లేదని అడిగారు. అది ఆడవారు చదువదగినది కాదని చెప్పాము. వ్రాసినదెవరు అన్నారు. ఆడదే అన్నాము. అచ్చువేయించినదెవరు అన్నారు. ఆమెయు ఆడదే. ఆవిడ మరి మాట్లాడక వెళ్ళిపోయారు. ఆ రాత్రి మేము ట్రంకుపెట్టె తాళం తీయించి ఆ పుస్తకము, దానితోపాటు దాన్ని అచ్చువేయించిన బెంగుళూరు నాగరత్నమ్మగారి చరిత్రయు చదవడం మొదలుపెట్టాము. ఈ ఉగాది సంచికకు ఏదైనా వ్రాయుమని మిత్రులు అడుగగా, ఆ సంగతే వ్రాస్తున్నాము.

నాగరత్నమ్మగారు 1878 నవంబరు 3వ తేదీన మైసూరు చేరువనున్న నంజనగూడులో జన్మించారు. తల్లి పుట్టలక్ష్మి దేవదాసి కులస్థురాలు. ఆదుకొనే అండ లేక, బిడ్డను చంకబెట్టుకొని ఊళ్ళు తిరిగిన మనిషి. ఐనా బిడ్డ చదువు దగ్గర మాత్రం రాజీపడలేదు. కన్నడం, తెలుగు, సంస్కృతం, ఇంగ్లీషు చెప్పించింది. సంగీతం, నాట్యం నేర్పించింది. మైసూరులో చదువు చెప్పుతూ వచ్చిన పండితుడు మధ్యలో ముఖం చాటువేస్తే, ఆ తల్లి బిడ్డతోసహా ఊరే విడిచింది. బెంగుళూరులో ఫిడేలు విద్వాంసులు మునుస్వామప్పగారు దొరికారు. వారు త్యాగరాజస్వామివారి శిష్యపరంపరలోనివారు. ఆ పిల్లకు త్యాగరాజ కీర్తనలు అబ్బినది అక్కడనే. తల్లి చిన్నతనంలోనే గతించింది. తరువాత నాగరత్నమ్మగారు మద్రాసు చేరి, సభలలో పాడి పేరూ ధనమూ గడించారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆమె పెరిగినది కన్నడ దేశంలో, బ్రతికినది అరవ దేశంలో. తెలుగు ఆమెకు పాటలోనుంచీ, పుస్తకంలోనుంచీ వచ్చిన భాష. మనవంటి వలసవారము ఆమెను మనమనిషి అనుకోవడంలో తప్పులేదు. ఈ దక్షిణదేశంలో తెలుగు ఎన్నడూ కేవలం ఇంటిలో మాట్లాడుకొనే భాషగానే ఉండిపోలేదు. మన కోవిల్పట్టికి కూతవేటు దూరంలోని ఎట్టయపురం సంస్థానంలో సుబ్బరామ దీక్షితులవారి సంగీత సంప్రదాయ ప్రదర్శిని అనే మహాగ్రంథం 1904లో తెలుగు లిపిలోనే అచ్చయింది. ఎట్టయపురం బస్సు రోజూ ఎక్కి దిగే మనవారిలో ఈ సంగతి ఎరిగినవారు ఎందరో మాకు సందేహమే.

సరే, రాధికాసాంత్వనము సంగతికి వద్దాము. ముద్దుపళని తంజావూరిని ఏలిన మరాటారాజు ప్రతాపసింహుని ఆస్థానంలో ఉండిన విదుషి. ఆ రాజు 1739 మొదలు 1763 వరకు ఏలాడు. ముద్దుపళని కావ్యంలో కథ పెద్దదేమీ కాదు. రాధ తాను పెంచిన ఇళ అనే పిల్లను శ్రీకృష్ణునికిచ్చి పెండ్లిచేస్తుంది. చేసినాక ఆమెకు కడుపుమంట. అలుగుతుంది. కృష్ణుడు వచ్చి ఆ అలక తీరుస్తాడు. అదే సాంత్వనము. నాలుగు ఆశ్వాసాలు, ఐదువందల ఎనుబది పై చిల్లర పద్యాలు. మన ప్రబంధాలలో శృంగారం కొత్తది కాదు. వరూధినులు, సత్యభామలు అందరూ ఉన్నారు. ఇక్కడ కొత్తదల్లా ఒక్కటే. కోరిక ఆడదానిది, అలక ఆడదానిది, కలమూ ఆడదానిదే. పెంచిన చేతులతో పిల్లను మొగుని గదిలోకి పంపి, తలుపుకవతల నిలిచిన ఆడదాని మనస్సు ఏ మగకవికీ ఇంత దగ్గరగా కనబడినట్లు మాకు తోచలేదు.

నాగరత్నమ్మగారికి ఈ కావ్యం ఉన్నదని తెలిసినది తంజావూరు చరిత్ర చదువుతూండగా. ముద్దుపళనిని గూర్చిన ప్రశంస కంటబడి పుస్తకం వెదకించారు. 1887 ప్రాంతపు అచ్చుప్రతి ఒకటి దొరికింది. అది చూచి ఆమెకు తృప్తి కలుగలేదు. దానిలో కొన్ని పద్యాలు లేవు. అంతకన్న చిత్రం, అవతారికయే లేదు! ఆ అవతారికలో ముద్దుపళని తన వంశం చెప్పుకొన్నది. ఆ వంశంలో తాతలు, ముత్తాతలు కారు, అవ్వ తంజనాయకి మొదలైన ఆడవారు ఉన్నారు. కావ్యం ఉంచి కవయిత్రి ఇంటిపెద్దలను తీసివేసిన అచ్చు అది. నాగరత్నమ్మగారు వ్రాతప్రతి సంపాదించి, రెంటినీ సరిచూచి, పీఠిక వ్రాసి, 1910లో మద్రాసు వావిళ్ళవారి ద్వారా ప్రకటించారు. ఎన్నిమారులు చదివినా మళ్ళీ చదవాలనిపించిందనీ, వ్రాసినది స్త్రీ, అందులోను తన కులంలో పుట్టినది గనుక తానే పూనుకొన్నాననీ ఆమె భావం.

ఇక్కడ కందుకూరి వీరేశలింగం పంతులుగారి ప్రసక్తి రాక తప్పదు. పంతులుగారిపట్ల మాకున్న భక్తి ఇంతింతని చెప్పరానిది. 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లలకు బడిపెట్టినవారు, 1881లో వితంతువుకు పెండ్లిచేసినవారు. ఆడవారు చదువాలంటే వారికి తగిన చదువు ఉండాలని 1883లో సతీహితబోధిని అని ప్రత్యేకంగా పత్రికనే పెట్టారు. ఆడవారికొక పత్రిక అనే ఆలోచన ఆ రోజులలో సాహసమే. కాని ఆ తగిన అనే మాటలోనే చిక్కున్నది. ఏది తగునో చదివే ఆడది చెప్పలేదు, పెట్టేవారు చెప్పారు. ఆంధ్రకవుల చరిత్రలో ముద్దుపళనిని గూర్చి వ్రాస్తూ, ఆమె కవిత్వంలోని చాతుర్యాన్ని ఒప్పుకొంటూనే, అందులో చాలా భాగాలు ఆడది వినదగనివనీ, ఇక ఆడదాని నోట రాదగనివే కావనీ పంతులుగారు తీర్పుచెప్పారు. ఆమె నడవడినిగూడ ఎత్తిపొడిచారు.

నాగరత్నమ్మగారు ఊరుకొన్నవారు కారు. పంతులుగారి పేరు పెట్టే సమాధానం చెప్పారు. సిగ్గు అనేది ఆడవారికి మాత్రమే పుట్టుకతో వచ్చునా, మగవారికి అక్కరలేదా అని అడిగారు. వేశ్య గనుక నోరుజారినదంటే, పెద్దమనుష్యులైన కవులు అంతకు మించి వ్రాసినది ఏమనాలి అని అడిగారు. పంతులుగారే స్వయంగా పరిష్కరించిన సారంగు తమ్మయ్య వైజయంతీవిలాసమును ముందుపెట్టారు. అది శ్రీరంగంలో విప్రనారాయణుడు దేవదేవి వలలోబడిన కథ. (అదే కథను 1954లో సినిమాగా తీస్తే మన పెద్దలు సకుటుంబంగా చూచివచ్చి మెచ్చుకొన్నారు.) మన మధుర నాయకరాజుల కొలువులో సముఖము వేంకటకృష్ణప్పనాయకుడు అహల్యాసంక్రందనము వ్రాశాడు. మన విరుదునగరం సీమ అప్పుడు ఆ మధుర ప్రభువుల క్రిందిదే. ఆ కావ్యాన్ని తిట్టినవారు ఉంటే ఉండవచ్చును గాని, కవి నడవడి ఎత్తి తిట్టినట్టు మేమెక్కడా చదువలేదు.

మేము వ్యాజ్యం తెలిసినవారము కాము. ఐనా నాగరత్నమ్మగారి ప్రశ్నలకు ఎదుటిపక్షంనుంచి సరియైన జవాబు వచ్చినట్టు మాకు కనుపించలేదు. జవాబుకు బదులు పోలీసులు వచ్చారు. ముందు ఒక పత్రిక, వేశ్య వ్రాసినదానిని వేశ్య అచ్చువేసినదని ఎద్దేవచేసింది. తరువాత 1911లో మద్రాసు పోలీసు కమిషనరు కన్నింగ్‌హాంగారి హయాంలో ప్రతులు పట్టుకొన్నారు. ప్రభుత్వపు తర్జుమాదారు పుస్తకంలో అశ్లీలం ఉన్నదన్నాడు. తెలుగు పండితులు కొందరు నిషేధం కూడదని మహజరు పంపుకొన్నారు. దొరతనంవారు వినలేదు. పుస్తకం నిషిద్ధమైంది. ముప్పది అయిదేండ్లకు పైగా నిషిద్ధంగానే ఉన్నది. 1947లో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వంనాడు ఆ ఆజ్ఞ తొలగింది. వావిళ్ళవారు 1952లో మళ్ళీ అచ్చువేశారు.

చాలామంది నాగరత్నమ్మగారి పేరు ఎరిగినది ఈ పుస్తకంవల్ల కాదు, తిరువయ్యారువల్ల. 1847లో సిద్ధిపొందిన త్యాగరాజస్వామివారి సమాధి పాడుబడి ముండ్లకంపల నడుమ ఉన్నదని ఆమెకు గురుతుల్యులైన బిడారం కృష్ణప్పగారి ద్వారా తెలిసి, 1921లో అక్కడకు వెళ్ళారు. స్థలం సంపాదించి, సొంత సొమ్ముతో గుడి కట్టించి, 1925 జనవరిలో ప్రతిష్ఠ చేయించారు. ఇంతచేసిన ఆమెను ఆరాధన ఉత్సవంలో పాడనిచ్చారా? లేదు. ఆడవారు అక్కడ కచేరి చేయరాదట. గుడి కట్టించినది ఆడది, గుడిలో పాడేది మగవారు! 1927లో ఆమె ఆడవారిని కూడగట్టి గుడి వెనుక ప్రక్కన వేరుగా పాడించారు. అరవంలో దానికి ఆడవారి కక్షి అని పేరే పడిపోయింది. 1941 నాటికి కక్షులన్నీ ఒకటై, ఆడవారూ మగవారూ ఒకే పందిట పాడసాగారు. ఆమె తమ ఆస్తిని ఆ సమాధికే వ్రాసియిచ్చారు.

దేవదాసీ వ్యవస్థ రద్దుకు ముత్తులక్ష్మీరెడ్డిగారు శాసనసభలో పూనుకొన్నప్పుడు నాగరత్నమ్మగారు ఎదురుపక్షాన నిలిచి, మద్రాసు దేవదాసీల సంఘానికి నాయకత్వం వహించారు. ఆ విషయంలో మేము ముత్తులక్ష్మీరెడ్డిగారి వైపే. బలవంతపు బ్రతుకు పోవలసినదే. కాని ఆ కులపు ఆడవారి చేతిలో ఉన్న చదువు, సాహిత్యం కూడ పాపమే అన్నట్లు మాట్లాడినవారితో నాగరత్నమ్మగారు పోట్లాడటం సబబే అని మాకు తోస్తుంది. కులాంగనలకు అక్షరమే లేని కాలంలో ప్రబంధం చదివి, తప్పొప్పులు సరిచూచి, పీఠిక వ్రాయగలిగిన ఆడది ఆ ఇండ్లలోనే పుట్టింది.

1952 మే 19వ తేదీన ఆమె కాలంచేశారు. తిరువయ్యారులో త్యాగరాజస్వామివారి సన్నిధికి ఎదురుగానే ఆమె సమాధి ఉన్నది. ఆమె బొమ్మ చేతులు జోడించుకొని స్వామివైపే చూస్తూంటుంది. వెళ్ళదలచినవారు తంజావూరులో రైలుదిగి బస్సు ఎక్కవలెను. తిరువయ్యారుకు రైలు లేదు. పుష్య బహుళ పంచమి ఆరాధనకు పోయేవారు బెర్తులకు ముందుగా చూచుకోవడం మంచిది, చివరి వారంలో మావద్దకు వచ్చి అడిగి ప్రయోజనం లేదు.

బీరువా చీటీల సంగతి చెప్పి ముగిస్తాము. కార్యవర్గంలో రెండు సమావేశాలు వాదోపవాదాలు జరిగినవి. పెద్దలు ఒకరిద్దరు మాపై కోపగించారు కూడ. పురుషుల చీటీ, స్త్రీల చీటీ చివరకు తీసివేశాము. జిగురు గట్టిగా పట్టి ఉండడంవల్ల బీరువా రంగు కొంత లేచిపోయింది. పుస్తకాలు ఇప్పుడు అక్షరక్రమంలో ఉన్నవి. డిటెక్టివు నవలలు చదివే ఆమె సొంతపేరనే సంతకం చేస్తున్నది. గార్డుగారు మాత్రం ఇంకా కోడలి పేరే చెపుతున్నారు. రాధికాసాంత్వనము మొదట అడిగిన పంతులమ్మగారికే ఇచ్చాము. పదునైదు దినాలలో తిరిగి ఇచ్చారు. ఆపైన ఇప్పటికి ఐదుగురు తీసుకొన్నారు, ఇంకొకరు తమ పేరు వ్రాసుకొమ్మన్నారు. ప్రస్తుతం పుస్తకం కార్యదర్శిగారి ఇంట్లోనే ఉన్నది. ఈమారు ట్రంకుపెట్టెలో కాదు. వారి ధర్మపత్ని చదువుతున్నారు.